పడవ దీపం ఎక్కడ ఆగాలి

మా బాబాయి దగ్గర 20 అడుగుల టేకు లాంచీ ఒకటి ఉంది. చెన్నై హార్బరులో పనిచేసి రిటైరై, రాయపురంలో ఉంటున్నారు. పడవను ఎన్నూరు ఉప్పుటేరు ఒడ్డున ఒక యార్డులో ఉంచుతారు. అడుగుచెక్క, డెక్కు, ఇంజను, అన్నిటినీ ఏళ్ళ తరబడి శ్రద్ధగా చూసుకుంటూ వచ్చారు. కేబిన్‌కు చెరో పక్కన ఉన్న రెండు ఇత్తడి దీపాలు మాత్రం చూడటానికి అందంగా ఉన్నాయని అలాగే ఉండిపోయాయి. చీకటి పడేలోగా ఒడ్డుకు చేరేవారు కనుక వాటితో పని పడలేదు. పోయిన వేసవిలో రాత్రిపూట కూడా నీళ్ళ మీదికి వెళ్ళాలని ఆయనకు మనసైంది. నేను గిండీలో కొలత పరికరాలు బాగుచేసే పని చేస్తాను. అందుకని ఆ దీపాలు నా చేతికి వచ్చాయి.

స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు నేను నియమాలు చదివాను. ఇలాంటి పని మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ అక్కడినుంచే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. సముద్రంలో నౌకలు ఢీకొనకుండా చూసే అంతర్జాతీయ నియమావళి 1972లో తయారై 1977 జూలై 15న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పడవకు ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క ఆకుపచ్చ దీపం ఉండాలి. ఒక్కొక్కటి సూటిగా ముందునుంచి మొదలై, పక్కకు తిరిగి, పడవకు సరిగ్గా లంబంగా ఉండే అడ్డగీతకు మరో 22.5 డిగ్రీలు వెనక్కి వెళ్ళేదాకా కనిపించాలి. అంటే ఒక్కోదానికి 112.5 డిగ్రీలు. రెండూ కలిపి 225. మిగిలిన 135 డిగ్రీలు వెనుకవైపు తెల్ల దీపానివి. 12 మీటర్ల లోపు ఇంజను పడవలకు ముందు తెలుపు, వెనుక తెలుపు అని రెండు అక్కర్లేదు, చుట్టూ కనిపించే ఒకే తెల్ల దీపం చాలు.

7 మీటర్ల లోపు పొడవుండి, గరిష్ఠ వేగం 7 నాట్లు, అంటే గంటకు 7 సముద్రపు మైళ్ళు దాటని ఇంజను పడవకు ఇంకో వెసులుబాటు ఉంది. చుట్టూ కనిపించే తెల్ల దీపం తప్పనిసరి, పక్క దీపాలు సాధ్యమైతే పెట్టాలి. మా లాంచీ ఈ లెక్కలోకే వస్తుంది. బాబాయి ఆ వాక్యాన్ని వెంటనే పట్టుకున్నారు.

"చూశావా, తెల్ల దీపం ఒక్కటే చాలునంటున్నారు. మరి ఈ ఇత్తడి వాటికి ఇంత శ్రమ ఎందుకు?"

"సాధ్యమైతే అన్నారు బాబాయ్. దీపాలు ఉన్నాయి, బిగించే చోటు ఉంది, బ్యాటరీ ఉంది. ఇంకేం సాధ్యం కావాలి?"

నా పట్టుదలకు కారణం ఉంది. ఒంటరి తెల్ల దీపం అక్కడేదో పడవ ఉందని మాత్రమే చెబుతుంది. అది మన వైపు వస్తోందో, దూరంగా పోతోందో, అడ్డంగా దాటుతోందో చెప్పదు. ఆ సంగతి చెప్పేవి రంగు దీపాలే. రెండు ఇంజను పడవల దారులు అడ్డంగా కలిసేటప్పుడు, ఎదుటి పడవ ఎవరికి కుడివైపున ఉంటే వారు తప్పుకోవాలి. అలా తప్పుకోవలసిన వారికి కనిపించేది ఎదుటి పడవ ఎర్ర దీపం. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకేసారి కనిపిస్తే పడవ సూటిగా మీదికి వస్తోందని అర్థం, అప్పుడు ఇద్దరూ కుడికి తిప్పాలి. కాశిమేడు మరబోట్లు, ఎన్నూరు రేవుకు వచ్చే పెద్ద ఓడలు, చిన్న ఫైబరు పడవలు తిరిగే నీళ్ళలో ఎదుటివాడు క్షణంలో తీసుకునే నిర్ణయమంతా ఈ రంగుల మీదే ఆధారపడుతుంది. కాబట్టి పక్క దీపం ఎంత మెరుస్తోందన్నది నాకు రెండో ప్రశ్న. తన హద్దు దగ్గర తలుపు మూసినట్టుగా ఆగిపోతోందా లేదా అన్నది మొదటి ప్రశ్న. ఆ పని తర్వాతి అడుగులన్నీ దీన్నిబట్టే సాగాయి.

దీపాలను విప్పడం దానికదే ఒక పని. ఇత్తడి స్క్రూలు ఉప్పుగాలికి బిగుసుకుపోయి, గాడులు అరిగిపోయి ఉన్నాయి. బలం పెడితే తల విరిగి సగం లోపల ఉండిపోతుంది. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేసి, మరునాడు టంకం వేసే సోల్డరింగ్ ఐరన్‌ను స్క్రూ తల మీద ఆనించి వేడిచేసి, చిన్న సుత్తితో తట్టి, గాడికి సరిగ్గా సరిపడే వెడల్పున్న స్క్రూడ్రైవరుతో తిప్పితే ఒక్కొక్కటే కదిలాయి. ప్రతి దశలోనూ ఫోనుతో ఫొటోలు తీసుకున్నాను. ఎడమ దీపం భాగాలు ఒక డబ్బాలో, కుడివి వేరే డబ్బాలో. రెండూ ఒకేలా కనిపించినా, చేతితో సరిచేసి బిగించిన పాత సామానులో ఒకదాని మర ఇంకోదానికి ఎక్కదు.

లోపల చూస్తే ఇవి మొదట కిరసనాయిలు దీపాలని తెలిసిపోయింది. పైన పొగ పోవడానికి కంతలు, కింద నూనె బుడ్డి కూర్చునే చోటు అలాగే ఉన్నాయి. తర్వాత ఎవరో బుడ్డి తీసేసి కారు బల్బు హోల్డరు బిగించి, పై కంతలను సిలికాన్‌తో పూడ్చేశారు. ఆ పూడ్చడమే కొంప ముంచింది. వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, ఆరాక చెన్నై తేమగాలిని లోపలికి పీల్చుకుంటుంది, ఆ తేమకు తిరిగి బయటికి దారి లేదు. అడుగున నీరు నిలిచి హోల్డరంతా పచ్చటి చిలుము పట్టింది. పైగా వాడినది గట్టిపడేటప్పుడు వెనిగర్ వాసన వేసే రకం సిలికాన్. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది. రాగి, ఇత్తడి వాటిని అది తినేస్తుంది. ఇలాంటి చోట్ల ఆమ్లం వదలని న్యూట్రల్ రకమే వాడాలి, డబ్బా మీద రాసి ఉంటుంది. నేను పై కంతలను తెరిచి, వాన సూటిగా పడకుండా ఇత్తడి రేకు గొడుగు పెట్టించాను. అడుగున నీరు కారిపోవడానికి సన్నటి రంధ్రం వేశాను. కార్కు వాషర్లు ఎండి పెళుసెక్కిపోయాయి. వాటి స్థానంలో నియోప్రీన్ రబ్బరు షీటు కోసి వేశాను.

ఇత్తడి శుభ్రం చేయడానికి పిన్ని చింతపండు, ఉప్పు ఇచ్చారు. పూజ సామాను తోమినట్టే తోమాం, చిలుము చక్కగా పోయింది. అయితే పులుపు, ఉప్పు సందుల్లో మిగిలితే మళ్ళీ చిలుము పట్టడానికి అవే కారణమవుతాయి. అందుకని వంటసోడా కలిపిన నీళ్ళలో నానబెట్టి, మంచినీళ్ళతో కడిగి, రోహిణి కార్తె ఎండలో ఆరబెట్టాను. తోమిన తర్వాత ఇత్తడి పసుపుగా కాక గులాబీ రంగులో తేలితే జాగ్రత్తపడాలి. అందులోని జింకు ఉప్పునీటికి కరిగిపోయి గుల్లబారిన రాగి మాత్రమే మిగిలిందని దాని అర్థం. ఎడమ దీపం అడుగు పలక ఒకటి అలా అయింది. గోటితో నొక్కితే పొడి రాలింది. దాన్ని పారేసి కొత్తది చేయించక తప్పలేదు.

ఇక గాజులు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆనందం ఇచ్చింది ఇవే. దీపం చుట్టూ వంపు తిరిగిన గాజుకు అడ్డంగా మెట్లు మెట్లుగా గాడులుంటాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెనెల్ కనిపెట్టిన పద్ధతి అది. 1823లో ఫ్రాన్సులోని కోర్దువాన్ లైట్‌హౌసులో మొదట అమర్చారు. పైకీ కిందికీ వృథాగా పోయే కాంతిని వంచి సముద్రం మట్టానికి పరుస్తుంది. ఆ లైట్‌హౌసుకూ, అరచేతిలో పట్టే ఈ దీపానికీ సూత్రం ఒక్కటే.

ఆ లెన్సు పనిచేయాలంటే వెలిగే తీగ సరిగ్గా దాని నడిమి ఎత్తులో ఉండాలి. మా దీపాల్లో బల్బు తీగ నడిమి గీతకు 9 మిల్లీమీటర్లు కిందికి ఉంది. తీగనుంచి లెన్సుకు దూరం 70 మిల్లీమీటర్లు. అంటే కాంతి పుంజం దాదాపు 7 డిగ్రీలు పైకి తిరిగి ఉంది. ఒక సముద్రపు మైలు, అంటే 1852 మీటర్ల దూరంలో ఉన్న పడవకు, కాంతిలో ప్రధాన భాగం 200 మీటర్లకు పైగా నెత్తి మీదుగా పోతుంది. దగ్గరనుంచి చూస్తే దీపం భేషుగ్గా వెలుగుతున్నట్టే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం అదే.

బల్బు రకంలో ఇంకో చిక్కు ఉంది. హోల్డరులో ఉన్నది కారు వెనుక దీపానికి వాడే 21/5 వాట్ల బల్బు. దాని తీగలు అడ్డంగా పడుకుని ఉంటాయి, పొడవు సుమారు 6 మిల్లీమీటర్లు. కాంతిని హద్దు దగ్గర ఆపే అడ్డుపలక అంచు బల్బునుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, ఆ అడ్డం తీగ వల్ల వెలుగుకూ చీకటికీ మధ్య మూడు డిగ్రీలకు మించిన మసక పట్టీ ఏర్పడుతుంది. నియమం ప్రకారం ముందువైపు కాంతి తన హద్దు దాటిన తర్వాత ఒకటి నుంచి మూడు డిగ్రీల లోపే ఆగిపోవాలి. తీగ నిలువుగా ఉంటే ఈ బాధ ఉండదు. పుదుపేటలో కార్ల పాత సామాను దుకాణాల మధ్య తిరిగి, కారు లోపలి పైకప్పు దీపానికి వాడే 10 వాట్ల గొట్టం బల్బులు కొన్నాను. రెండు కొనలా మొనలుండే రకం. తీగ గొట్టం పొడవునా ఉంటుంది కాబట్టి నిలువుగా నిలబెడితే తీగ కూడా నిలువవుతుంది. రాయపురంలో లేతు పనిచేసే పెద్దాయన దానికి ఇత్తడి పీట తయారుచేసి ఇచ్చారు. ఎత్తు సరిచేసుకోవడానికి మర కూడా పెట్టారు. "ఇంత చిన్నదానికి ఇన్ని కొలతలా నాయనా?" అని అడిగి, కారణం చెప్పాక తానే అర మిల్లీమీటరు తేడా చూసి మళ్ళీ కోశారు.

ఎల్‌ఈడీ పెట్టేస్తే సరిపోదా అని చాలామంది అడిగారు. తెల్ల దీపానికి నేను కూడా ఎల్‌ఈడీయే పెట్టాను. పాత రంగు గాజుల వెనుక మాత్రం వద్దన్నాను. మా ఆకుపచ్చ గాజును పగటి వెలుగులో పట్టి చూస్తే నీలం కలిసి ఉంటుంది. అది లోపం కాదు. కిరసనాయిలు మంట పసుప్పచ్చగా ఉంటుంది, అందులో నీలం తక్కువ. ఆ మంట ఈ గాజులోనుంచి వచ్చినప్పుడు అసలైన ఆకుపచ్చగా కనిపించాలని అలా పోశారు. తీగ బల్బు వెలుగు కూడా పసుపు వైపే ఉంటుంది కాబట్టి దానితో రంగు సరిపోతుంది. తెల్ల ఎల్‌ఈడీలో నీలం పాలు ఎక్కువ. దాన్ని పెట్టి చూస్తే దీపం దాదాపు నీలంగా కనిపించింది. ఎర్ర గాజు వెనుక అదే ఎల్‌ఈడీ నీరసంగా వెలిగింది, ఎందుకంటే మామూలు తెల్ల ఎల్‌ఈడీలో ముదురు ఎరుపు పాలు తక్కువ. ఈ నియమాల్లో రంగులకు కూడా శాస్త్రీయంగా గీసిన హద్దులున్నాయి. ఎల్‌ఈడీయే కావాలంటే ఎర్ర గాజుకు ఎర్రది, ఆకుపచ్చకు ఆకుపచ్చది వెతకాలి, లేదా లెన్సుతో సహా మొత్తం దీపం ధ్రువీకరణతో వచ్చేది కొనాలి. బల్బు రకం మార్చిన క్షణంలో పాత ధ్రువీకరణ చెల్లకుండా పోతుంది.

ఎల్‌ఈడీతో మరో జాగ్రత్త కూడా ఉంది. వాటిలో కరెంటును అదుపుచేసే డ్రైవరు సర్క్యూట్లు కొన్ని, పడవలవాళ్ళు మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియోలో రొద పుట్టిస్తాయి. అమెరికా కోస్ట్ గార్డ్ 2018లో దీని గురించి హెచ్చరిక ఇచ్చింది. పరీక్ష చాలా సులువు. రేడియోను ఎవరూ మాట్లాడని ఛానెల్‌లో పెట్టి, రొదను అణిచే స్క్వెల్చ్ మీటను రొద ఆగే వరకు మాత్రమే తిప్పి ఆపాలి. అప్పుడు దీపం వేయాలి. రొద మళ్ళీ మొదలైతే ఆ దీపం పనికిరాదు. నేను మొదట తెచ్చిన తెల్ల దీపం ఈ పరీక్షలో తప్పింది. దుకాణదారు మారు మాట లేకుండా వెనక్కి తీసుకున్నాడు.

వైర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంట్లో గోడల్లో వేసే ఒంటి తీగ వైరు వేసి ఉంది. పైతోలు ఒలిస్తే రాగి నల్లబడిపోయి ఉంది. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులుంటే దీపం దగ్గర 11.1 మాత్రమే వచ్చింది. తీగ బల్బు వెలుగు వోల్టేజీకన్నా దాదాపు మూడు రెట్లు వేగంగా పడిపోతుంది. ఆ 12 శాతం తగ్గుదలకు మూడో వంతు వెలుగు పోతుంది. తగరం పూత పూసిన సన్నతీగల రాగి వైరు వేసి, అతుకుల మీద, లోపల జిగురుండి వేడికి కుంచించుకుపోయే గొట్టం తొడిగి, విడి ఫ్యూజు పెట్టాను. ఇప్పుడు దీపం దగ్గర 12.4 వస్తోంది. దీపాల విషయంలో నష్టం 3 శాతం దాటకూడదన్నది పడవల వైరింగులో పాటించే లెక్క.

అడ్డుపలకల దగ్గర బాబాయితో గట్టి వాదనే జరిగింది. దీపం వెనుక, పడవ లోపలి వైపు ఉండే పలకలవి. వాటికి నిగనిగలాడే వార్నిషు వేసి ఉంది. టేకు నరాలు కనబడుతూ చాలా అందంగా ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ ఆ నిగారింపు కాంతిని ఎగరగొట్టి అవతలి పక్కకు చిమ్ముతుంది. 20 మీటర్లు, ఆపై నౌకలకు ఈ పలకలు మెరుపులేని నలుపు రంగులో ఉండాలని నియమం. చిన్న పడవలకు హద్దు సరిగ్గా రాకపోతే అదే చేయాలి. "మా నాన్నగారి కాలం టేకుకు నల్ల రంగా?" అని ఆయన బాధపడ్డారు. దీపానికి ఎదురుగా ఉండే ముఖానికి మాత్రమే నలుపు వేసి, బయటి ముఖానికి వార్నిషు ఉంచాం.

ఇక అసలు పరీక్ష. యార్డులో పడవ దుంగల మీద నిటారుగా నిలబడి ఉంది. అమరం నుంచి అణియం దాకా, అంటే వెనుక కొననుంచి ముందు కొన దాకా నడిమి గీతగా దారం కట్టాను. దీపాలు నడిమి గీత మీద లేవు, పక్కన ఉన్నాయి. అందుకని మేస్త్రీలు వాడే గుండు దారంతో దీపం కింద నేల మీద చుక్క గుర్తించి, అక్కడినుంచి నడిమి గీతకు సమాంతరంగా ముందుకు ఒక గీత గీశాను. ఆ దీపానికి సూటిగా ముందు అంటే అదే. 22.5 డిగ్రీలకు కోణమాని అక్కర్లేదు. చదరపు కాగితాన్ని మూల దగ్గర ఒకసారి మడిస్తే 45, ఇంకోసారి మడిస్తే 22.5. చుక్క దగ్గర 20 మీటర్ల తాడు కట్టి, దాని కొస పట్టుకుని నడుస్తూ చూడాలి. ఆ దూరంలో ఒక డిగ్రీ అంటే 35 సెంటీమీటర్లు, మూడు డిగ్రీలు అంటే మీటరు పైచిలుకు. ముందు గీత దాటి మొదటి 35 సెంటీమీటర్లలో ఆరిపోతే తొందరపడ్డట్టు, మీటరు దాటినా వెలుగుతుంటే హద్దు మీరినట్టు. కళ్ళు దీపం ఎత్తులోనే ఉండాలి కాబట్టి చిన్న స్టూలు వెంటబెట్టుకుని నడిచాను.

ఆకుపచ్చ దీపం ముందువైపు రెండు డిగ్రీల దగ్గర చక్కగా ఆగింది. వెనుకవైపు మాత్రం రావలసినదానికన్నా ముందే చీకటైంది. చూస్తే ఎండకు గుడారం కట్టే గొట్టం దానికి అడ్డుగా ఉంది. గొట్టాన్ని లోపలికి జరపగానే సరిపోయింది. ఎర్ర దీపం కథ వేరు. గీత దాటి మూడు మీటర్లు నడిచినా అది కనిపిస్తూనే ఉంది. 9 డిగ్రీలు అవతలికి చిమ్ముతోంది. అంటే మా కుడివైపునుంచి మామూలుగా దాటిపోతున్న పడవకు కూడా ఎరుపు, ఆకుపచ్చ రెండూ కనిపిస్తాయి. మేము సూటిగా మీదికి వస్తున్నామని అనుకుని అతను కుడికి తిప్పితే నేరుగా మా దారిలోకే వస్తాడు. కేబిన్ చెక్క ఎప్పుడో మార్చినప్పుడు ఆ పక్క పలకను ఏటవాలుగా బిగించారు, అదీ కారణం.

దానికి వడ్రంగి కావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఏడాదికి ఒకసారి దొరికే ఆ సమయంలోనే బోట్లన్నిటికీ మరమ్మతులు చేయిస్తారు, వడ్రంగులకు ఊపిరి సలపదు. చివరికి ఒక పెద్ద బోటు పని మధ్యలో భోజనం వేళ ఒకాయన వచ్చి, టేకు ముక్కను ఏటవాలుగా చెక్కి పలక కింద పెట్టి, పలక ముందు అంచును బొటనవేలు వెడల్పు పొడిగించి వెళ్ళారు. ఆ రాత్రి మళ్ళీ తాడు పట్టుకుని నడిస్తే ఎరుపు రెండున్నర డిగ్రీల దగ్గర తెగింది. ఆ గీత దగ్గర నిలబడి తలను అటూ ఇటూ కదిపితే ఎరుపు పోతుంది, వస్తుంది, పోతుంది. చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. బాబాయిని కూడా పిలిచి అక్కడ నిలబెట్టాను. తెల్ల దీపం ఎందుకు చాలదో ఆయనకు నేను మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

తెల్ల దీపాన్ని పక్క దీపాలకన్నా మీటరు ఎత్తుకు పైన ఉండేలా స్తంభం మీద పెట్టాం. నడిపేవారి కళ్ళలో పడకుండా దాని కింద నల్లటి రేకు పళ్ళెం బిగించాం, అది దూరపు వెలుగుకు అడ్డురానంత చిన్నది.

నీళ్ళ మీద చూడటానికి అమావాస్య దగ్గరి రాత్రి ఒకటి ఎంచుకున్నాం. శ్రీకాకుళంనుంచి వచ్చి ఇక్కడ పనిచేసే అతనొకడు నిషేధంలో ఊరికి వెళ్ళకుండా ఉండిపోయాడు, అతను తన ఫైబరు పడవలో ముందుకు వెళ్ళాడు. 12 మీటర్ల లోపు పడవకు పక్క దీపం ఒక మైలు, తెల్ల దీపం రెండు మైళ్ళు కనిపించాలి. ఫోనులో దూరం చూసుకుంటూ అతను మైలు దాటాక ఆగాడు. మేము ఉన్నచోటనే లాంచీని మెల్లగా తిప్పాం.

"ఎరుపు కనిపిస్తోంది అన్నా" అన్నాడు ఫోనులో. కాస్త ఆగి, "ఇప్పుడు రెండూ ఉన్నాయి. నా మీదికే వస్తున్నట్టున్నారు." మళ్ళీ ఆగి, "ఎరుపు పోయింది. పచ్చది ఒక్కటే."

"పచ్చ ఎలా ఉంది? నీలంగా ఉందా?"

"లేదన్నా, పచ్చగానే ఉంది."

ఆ తర్వాత చేయవలసినవి చిన్న చిన్నవి. బల్బు మొనలకు సిలికాన్ గ్రీజు రాయడం, అడుగు రంధ్రంలో సాలీడు గూడు కట్టకుండా చూడటం, పగలు ఎండ పడకుండా గుడ్డ తొడుగు వేయడం, బయలుదేరే ముందు గాజు మీద ఉప్పు పొర తుడవడం. ఏటా నిషేధ కాలంలో తాడు పరీక్ష మళ్ళీ చేయాలని అనుకున్నాం. బల్బులు మారిస్తే ఎత్తు కూడా కొలవాలి, ఒక్కో తయారీలో తీగ ఒక్కో చోట ఉంటుంది. ఆకుపచ్చ గాజు పగిలితే అలాంటిది దొరకడం కష్టం. ఈస్ట్ కోస్ట్ రోడ్డులో అలంకారానికి అమ్మే ఓడ దీపాలు కొన్ని చూశాను. గాజు రంగు దగ్గరగానే ఉన్నా, లెన్సు గాడులు పోత అచ్చులో మొక్కుబడిగా తీసినవి, కాంతిని ఎటూ వంచవు. ప్రస్తుతానికి మా గాజు వంపు, గాడుల లోతు, ఎత్తు కొలిచి బొమ్మ గీసి ఉంచాను. ఆ రంగులో లెన్సు పోయగలిగినవాళ్ళకోసం అడుగుతూనే ఉన్నాను.